నల్లతుమ్మ కాడితో సికింద్రాబాదుకు

సికింద్రాబాదు చూడనివాళ్ళు మా ఊళ్ళో ఇంకా కొందరున్నారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. చూసినవాళ్ళు చదివినా నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే చార్మినారు ఏదీ, బిర్యానీ ఏదీ అని తర్వాత నన్ను అడగకూడదు. నేను వెళ్ళింది ఒక ఎద్దుల కాడిని అప్పజెప్పడానికి.

మా అక్క సువార్తమ్మ, బావ దేవసహాయం అల్వాల్‌లో ఉంటారు. ఉద్యోగాలకని తెనాలి, రేపల్లె వైపు నుంచి వెళ్ళిన కుటుంబాలు కొన్ని కలిసి, మోండా మార్కెట్ పక్క సందులో ఒక పాత హాలు అద్దెకు తీసుకుని చర్చి పెట్టుకున్నాయి. ఒక తరం పెళ్ళిళ్ళన్నీ ఆ హాల్లోనే జరిగాయి. రెండేళ్ళ కిందట యజమాని దాన్ని పడగొట్టించాడు. అక్కడ కాంప్లెక్సు కడతాననీ, రెండో అంతస్తులో చోటు మీకేననీ బావ చేతిలో చెయ్యి వేసి చెప్పాడు. అప్పటి నుంచి సంఘం ఆదివారం పొద్దున్నే బొల్లారంలో ఒక ఫంక్షన్ హాల్లో కూడుకుంటోంది. చర్చి సామానంతా అక్క ఇంట్లో ఉంది.

ఇప్పుడు సంఘంలోని కరుణమ్మ గారనే పెద్దావిడ, అల్వాల్‌లో తన ఇంటి పక్క ఖాళీ స్థలాన్ని చర్చికి ఇస్తానన్నారు. వార్షికోత్సవం నాటికి ఔనో కాదో తేల్చమన్నారు. తేల్చకపోతే ఆవిడ కొడుకులు దాన్ని బిల్డరుకు ఇచ్చేస్తారు. బావ సంఘ పెద్ద. పాత కుటుంబాలన్నీ ఆయన ఎటంటే అటు. ఆయనేమో, రెండేళ్ళలో మోండాకు తిరిగి పోతున్నాం కదా, ఈ స్థలం దేనికంటున్నాడు. ఆ మాట మొదలుపెట్టి రెండేళ్ళయింది. ఇప్పటికీ రెండేళ్ళే అంటున్నాడు.

వార్షికోత్సవం రోజు పెద్దవాళ్ళే పాత నిబంధన నుంచి ఒక నాటిక ఆడటం వాళ్ళ సంఘంలో ఆనవాయితీ. నేర్పించేది మా అక్క. ఈసారి యిర్మీయా ప్రవక్త కథ ఆడుతున్నారని, నాన్న కాడి పట్టుకురమ్మని ఫోను చేసింది. నాన్న పోయాక ఎద్దులు పోయి ట్రాక్టరు వచ్చింది. కాడి మాత్రం వసారాలో వేలాడుతూనే ఉంది. దించి, బూజు దులిపి, బయల్దేరాను.

గుంటూరు నుంచి

కాడి ఆరడుగుల పైచిలుకు ఉంటుంది. నల్లతుమ్మ మాను. నాన్న దగ్గరుండి చేయించినది. పై బెర్తు మీద పడుకోబెడితే ఒక చివర నడిచే దారిలోకి వచ్చింది. టికెట్లు చూసేవాడు వచ్చి కాడిని చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ కాడిని చూశాడు. ఇలాంటిదానికి రూలేమిటో ఆయనకీ తోచినట్టు లేదు. నా టికెట్టు రెండుసార్లు తిప్పి చూసి వెళ్ళిపోయాడు.

ఎదుటి సీట్లో ఒక పంతులు గారు కూర్చున్నారు. సికింద్రాబాదులో పెళ్ళి చేయించడానికి వెళుతున్నారు. కాడిని ఆయన చాలా ఇష్టంగా చూశారు. వాళ్ళ పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురి తల మీద కాడి ఉంచే తంతు ఒకటుందట. ఈ రోజుల్లో అసలైన కాడి దొరక్క, షాపులో అమ్మే మూరెడు బొమ్మ కాడితో కానిచ్చేస్తున్నారట. ఒక పూటకి ఇస్తారా అని అడిగారు. ఇది ప్రవక్త మెడకు పోతోందండీ అన్నాను. ఆయన కాళ్ళు పైకి పెట్టుకుని, ఆ కథేమిటో చెప్పమన్నారు.

చెప్పాను. బబులోను రాజు యెరూషలేము మీదికి దండెత్తి, అక్కడి పెద్దలనీ పనివాళ్ళనీ, గుడిలోని పాత్రలనీ తన దేశానికి పట్టుకుపోయాడు. పోయినవాళ్ళకీ మిగిలినవాళ్ళకీ ఒకటే ప్రశ్న, తిరిగి రావడం ఎప్పుడని. యిర్మీయా మెడకి కాడి తగిలించుకుని జనం మధ్య తిరిగాడు. ఈ కాడి ఇప్పట్లో దిగదన్నాడు. పోయినచోటే ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, ఆ ఊరి మేలు కోరండి అని చెరలో ఉన్నవాళ్ళకి కబురు పంపాడు. హనన్యా అనే ఇంకో ప్రవక్త లేచి, అదేం లేదు, గుడి పాత్రలతో సహా రెండేళ్ళలో అందరూ వెనక్కి వచ్చేస్తారన్నాడు. ఆ మాట అని, యిర్మీయా మెడ మీది కాడి తీసి, జనం ముందు...

అక్కడ ఆగి పైకి చూశాను.

"జనం ముందు?" అన్నారు పంతులు గారు.

"విరగ్గొట్టాడండీ."

ఆయన కూడా పైకి చూశారు. ఇది చిన్నప్పటి నుంచి విన్న కథ. కాడి విరుగుతుందని నాకు బాగా తెలుసు. విరిగే కాడి మాదేనని మాత్రం అప్పటిదాకా తోచలేదు. వెంటనే అక్కకి ఫోను చేసి అడిగాను. ముందు నువ్వు తీసుకురా అని పెట్టేసింది.

ఇద్దరిలో ఎవరి మాట నిజమైందని పంతులు గారు అడిగారు. యిర్మీయాదేనండీ, డెబ్బై ఏళ్ళన్నాడు అని చెప్పాను. మరి జనం ఎవరి మాట విన్నారన్నారు. హనన్యా మాట అన్నాను. ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు. ముహూర్తానికి వచ్చేవాళ్ళు కూడా ఫంక్షన్ హాలు ఖాళీగా ఉన్న తేదీ ముందే చూసుకుని వస్తారని చెప్పి, పులిహోర పొట్లం విప్పి నాకు సగం పెట్టారు.

అల్వాల్: బల్లల మధ్య కాపురం

స్టేషన్ బయట కాడిని చూసి మొదటి ఇద్దరు ఆటోవాళ్ళు రామన్నారు. మూడో అతను అడ్డం కాకుండా నిలువుగా పెట్టించాడు. కాడి ఒక చివర నా ఒళ్ళో, రెండో చివర అతని చెవి పక్కన. సిగ్నల్ దగ్గర పక్క బండివాడు ఎద్దులేవని అడిగితే, నన్ను చూపించి "ఎన్క కూసున్నది" అన్నాడు. మా వైపు ఆటోవాళ్ళు ఇంత తొందరగా చనువు తీసుకోరు.

అక్క ఇంట్లోకి అందరూ పక్కకి తిరిగి వెళ్ళాలి. ముందు గది నిండా చర్చి బల్లలు, ఒకదాని మీద ఒకటి, పైకప్పు దాకా ఉన్నాయి. వచ్చినవాళ్ళ కోసం ముందు వరుసలో ఒక్క బల్ల వదిలారు. అందరూ గోడ వైపు తిరిగి, ప్రసంగం వింటున్నట్టు కూర్చుని టీ తాగుతారు. గంట పాత చీరలో చుట్టి బావ మంచం కింద ఉంది. ప్రభురాత్రి భోజనం గిన్నెలు వంటింటి అటక మీద ఆవకాయ జాడీ పక్కన ఉన్నాయి. ప్రసంగపీఠం మీద పరిచే ఎర్రబట్ట కూడా మడత విప్పలేదు. రేపో మాపో పోయేవాళ్ళ సామానులాగే ఉంది అంతా.

అక్క మంచం పట్టే చోట బల్లలున్నాయి కాబట్టి, ఆవిడ వంటింట్లో చాప వేసుకుని పడుకుంటోంది. మోకాళ్ళు పట్టుకుపోయి, లేచేటప్పుడు గోడ పట్టుకుని లేస్తోంది. అది చూసి నాకు ఒళ్ళు మండింది. కానీ బావ ఎదురొచ్చి నా చేతిలోంచి కాడి అందుకుని, "ఏం తక్లీఫ్ కాలేదు గదా బావమరిదీ" అని అంత ఆప్యాయంగా అడిగేసరికి ఏమీ అనలేకపోయాను. ఆయన అందరితోనూ అంతే. ఆయన మీద కోపం తెచ్చుకోవాలంటే ఆయన లేనప్పుడు తెచ్చుకోవాలి.

భోజనంలో అక్క గోంగూర పచ్చడి చేసింది. బావ మాత్రం జొన్నరొట్టె తిన్నాడు. షుగరు వచ్చినప్పటి నుంచి మూడు పూటలా అదేనట. మా ఇళ్ళల్లో అన్నం తినకపోతే భోజనం చేసినట్టే కాదు. ఇక్కడ ఆయన రొట్టెల పిండి ఏ గిర్నీలో మెత్తగా ఆడతారో ఎదుటివాళ్ళకి చెప్పే స్థాయికి చేరుకున్నాడు. అయినా ఈ ఊరు మనది కాదు అనే మాట రొట్టె తింటూనే అన్నాడు.

నాటికలో యిర్మీయా వేషం పాస్టరు గారిది. హనన్యా వేషం బావది. గొంతు పెద్దదని అక్కే ఆయనకిచ్చింది. ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు. హనన్యా మాటలు జనానికి నచ్చుతాయట. ఆ హనన్యా అదే ఏడు చనిపోతాడు కదా బావా అన్నాను. నాటిక అక్కడి దాకా పోదు, పాస్టరు గారిని ముందే అడిగానన్నాడు.

బొల్లారం: థర్మకోల్ పేర్ల కింద

శుక్రవారం సాయంత్రం రిహార్సల్‌కి బొల్లారం వెళ్ళాం. ఫంక్షన్ హాలు స్టేజీ మీద వెనక గోడకి అంతకు ముందు పెళ్ళి చేసుకున్నవాళ్ళ పేర్లు థర్మకోల్ అక్షరాల్లో అలాగే ఉన్నాయి. ప్రతివారం కొత్త జంట పేర్ల కింద నిలబడి ప్రసంగం చేయడం పాస్టరు గారికి అలవాటైపోయింది. మా ఊళ్ళో చర్చిలో ఆడవాళ్ళు ఒక వైపు, మగవాళ్ళు ఒక వైపు కూర్చుంటారు. ఇక్కడ కుర్చీలకి కట్టిన సాటిన్ బట్ట ఊడకుండా ఎక్కడ వీలైతే అక్కడ కూర్చుంటారు.

పాస్టరు గారిది సిద్దిపేట వైపు. చిన్న వయసు. కాడి మెడ మీద పెట్టి చూసుకుని, జెర బరువుందన్నారు. ఛాయ్ తాగుతూ, చెరలో ఉన్నవాళ్ళ మధ్య ప్రవక్తలు ఏం చేసేవాళ్ళో నాకు చెప్పారు. యెహెజ్కేలు అనే ఆయన వలసపోయేవాడిలా మూట కట్టుకుని, అందరూ చూస్తుండగా సొంత ఇంటి గోడకి కన్నం పెట్టి బయటికి వచ్చాడట. అలాంటిది ఇక్కడ ఆడదామంటే ఫంక్షన్ హాలువాళ్ళు ఒప్పుకోరట.

"ప్రవక్తలంటె రేపు ఏమైతదో చెప్పేటోళ్ళనుకుంటరు అన్నా" అన్నారాయన. "ఇయ్యాల మనం ఏడున్నమో చెప్పుడే వాళ్ళ పని. గదే ఎవ్వరికి నచ్చది."

మరి బావకి మీరే చెప్పొచ్చు కదా అన్నాను. తాను వచ్చి ఏడాదే అయిందనీ, మోండా హాలు తాను చూడను కూడా లేదనీ, ఆ ముసలివాళ్ళ ముందు ఆ మాట ఎత్తితే నీకేం తెలుసంటారనీ చెప్పారు. అది నిజమే.

మోండా మార్కెట్: రేకుల అవతల

శనివారం పొద్దున బావ, నేను కాడి తీసుకుని మోండాకి వెళ్ళాం. ముందే వెనక వైపు రంపంతో సగం కోయించి పెడితే స్టేజీ మీద సులువుగా విరుగుతుందని ఆయన ఉపాయం. నేను అలిగి దారంతా మాట్లాడలేదు. ఆయన అది గమనించకుండా, మార్కెట్లో గోంగూర కట్ట చూపించి ధర చెప్పించాడు. మా చేలగట్ల మీద ఊరికే మొలిచే దానికి అక్కడ ఇరవై రూపాయలు. ఆ కోపంలో పాత కోపం కొంత తగ్గింది.

వడ్రంగి రంపం పెట్టి నాలుగుసార్లు లాగాడు. కాడి మీద గీత పడింది, అంతే. "రంపం ఖరాబైతది సార్, ఎవరితోనన్న కోయించుకో" అని తిరిగి ఇచ్చేశాడు. నాకు కలిగిన ఆనందం ముఖంలో కనపడకుండా చూసుకున్నాను. చివరికి మామిడికాయల పెట్టెల చెక్కలతో ఒక ఉత్తుత్తి కాడి చేసి ఇచ్చాడు. చేత్తో వంచితే విరిగేలా ఉంది. దానికి నల్లరంగు పూస్తే దూరానికి తేడా తెలియదన్నాడు. పాస్టరు గారి మెడకి అసలుది, విరగ్గొట్టడానికి ఇది అని బావ తేల్చాడు. తెర వెనక మార్చి అందించే పని అక్కది.

తిరిగి వస్తూ బావ ఒక సందులోకి మళ్ళాడు. చుట్టూ నీలం రేకులు కట్టిన జాగా. ఒక రేకుకి కన్నం ఉంది. ఆయన వంగి దానిలోంచి చూశాడు, తర్వాత నన్ను చూడమన్నాడు. లోపల పెద్ద గుంట, దానిలో వాన నీళ్ళు, నీళ్ళలో ఒక కొబ్బరి బోండాం తేలుతోంది. అదే చర్చి. మా అక్క కూతురి పెళ్ళికి నేను అన్నం వడ్డించింది అక్కడే.

కూరగాయలకి వచ్చిన ప్రతిసారీ ఇలా చూసి వెళతాడట. యజమాని ఏమంటున్నాడని అడిగాను. ఆయన చాలాసేపు సంచిలో గోంగూర సర్దాడు.

"ఆయన పోయాడు రత్నం. కిందటి ఎండాకాలమే" అన్నాడు. "కొడుకులు నా ఫోనెత్తరు. ఒకసారి ఎత్తి, మా నాయన ఏమన్నడో మాకు తెల్వదన్నారు."

"మరి రెండేళ్ళని ఎందుకు చెబుతున్నారు బావా?"

"ఆదివారం మన ముసలివాళ్ళు వచ్చి నా చెయ్యి పట్టుకుని అడుగుతారు. ఎనభై ఏళ్ళ మనుషులు. వాళ్ళ మొహం చూస్తే నాకు ఇంకో మాట రాదు. అక్కకు చెప్పకు."

అబద్ధ ప్రవక్త అంటే నేను ఇన్నాళ్ళూ దుర్మార్గుడు అనుకునేవాణ్ణి. మెత్తని మనసున్న మనిషి కూడా అవుతాడని ఆ రేకుల దగ్గర తెలిసింది. తెలిసి నాకు సంతోషం కలగలేదు. ఇద్దరం కాడి చెరో చివర పట్టుకుని బస్టాపు దాకా నడిచాం.

మళ్ళీ బొల్లారం: ఆదివారం

పొద్దున్నే ఉత్తుత్తి కాడి పెరట్లో గోడకి ఆనించి ఉంటే వేలితో తాకి చూశాను. రంగు అంటలేదు. ఎండిపోయింది. దాన్ని ఆటోలో పెట్టమని అక్క నాకు చెప్పలేదు. తర్వాత తెస్తుందేమో అనుకున్నాను.

వార్షికోత్సవానికి హాలు నిండింది. ముందు వరుసలో ముసలివాళ్ళు, వాళ్ళ పక్కన కరుణమ్మ గారు. పాస్టరు గారు కాడి మోసుకుని, చెప్పాల్సింది చెప్పి, మెడ రుద్దుకోవడానికన్నట్టు తెర వెనక్కి వెళ్ళి వచ్చారు. అక్కడే కాడి మార్చాలి. బావ పట్టు అంగవస్త్రంతో లేచాడు. ఆ గొంతు విని బయట వంటవాళ్ళు కూడా లోపలికి తొంగి చూశారు.

"రెండేళ్ళలో! రెండేళ్ళలో మనం తిరిగి వెళతాం!"

ముందు వరుసలో ఒక పెద్దాయన ఎప్పటిలాగే తల ఊపాడు. అది నాటిక అని ఆయనకి గుర్తున్నట్టు లేదు. హాల్లో సగం మందికి గుర్తున్నట్టు లేదు. ఆ మాట వాళ్ళు ఆ గొంతులోనే ప్రతి ఆదివారం వింటున్నారు.

బావ పాస్టరు గారి మెడ మీది కాడి ఎత్తాడు. ఎత్తగానే ఆయన ముఖం మారింది. బరువు తెలిసింది. కానీ అందరూ చూస్తున్నారు. పైకెత్తి స్టేజీకేసి కొట్టాడు. కాడికి ఏమీ కాలేదు. మళ్ళీ కొట్టాడు. అప్పుడు స్టేజీ విరిగింది. ఎర్ర తివాచీ కింద ప్లైవుడ్డు ఫెళ్ళుమని, కాడి ఒక చివర లోపలికి దిగి అక్కడే నిలబడిపోయింది. ఎవరూ నవ్వలేదు. బావ రెండు చేతులతో లాగాడు, రాలేదు. లాగడం ఆపి, దాని మీద చెయ్యి ఆనించి ఆయాసపడుతూ నిలబడ్డాడు.

"విరగదు" అన్నాడు.

అది నాటికలో లేదు. అక్క తెర పక్కన కదలకుండా నిలుచుంది.

"మోండా యజమాని పోయాడు" అన్నాడు బావ, మామూలు గొంతుతో. "అక్కడ మనకి చోటు లేదు. నాకు తెలిసి చాలా రోజులైంది. మీరు బాధపడతారని చెప్పలేదు. ఇక తిరిగి పోవడం లేదు."

ముందు వరుసలో పెద్దాయన పక్కవాళ్ళని ఏమన్నాడని అడిగాడు. వాళ్ళు చెవి దగ్గర చెప్పారు. ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. వెనక ఎవరో ఆడమనిషి ఏడుస్తోంది. పాస్టరు గారికి ఇంకా చాలా మాటలున్నాయి. అవన్నీ వదిలేసి, బావ భుజం మీద చెయ్యి వేసి, దేవుడు ఇళ్ళు కట్టుకోమన్నాడు, చెట్లు పెట్టుకోమన్నాడు, ఆ ఊరు చల్లగుండాలని కోరమన్నాడు అని మాత్రం చెప్పి ఊరుకున్నారు. ఆ కాసేపట్లో నాకు ఆ కథ మొదటిసారి అర్థమైంది. అది చెరలో ఉన్నవాళ్ళని ఓదార్చడానికి చెప్పిన మాట కాదని, బతకడానికి చెప్పిన మాట అని అనిపించింది.

తర్వాత జరిగిన మీటింగులో కరుణమ్మ గారి స్థలం తీసుకుందామని మొదట చెయ్యెత్తింది బావ. ఆయన ఎత్తాక ముసలివాళ్ళు ఒక్కొక్కరే ఎత్తారు. కళ్ళజోడు తీసేసిన పెద్దాయన ఆఖరున ఎత్తాడు. కరుణమ్మ గారు అంతా అయ్యేదాకా ఆగి, బల్లలు ఎప్పుడు తెస్తారని అడిగారు.

ఫంక్షన్ హాలు మేనేజరు వచ్చి కన్నం చుట్టూ తిరిగి చూశాడు. అతనూ అతని మనిషీ కలిసి లాగితే కాడి వచ్చింది. దాన్ని తట్టి చూసి, "కట్టె మంచిగున్నది సార్, మా స్టేజే కమ్జోర్" అన్నాడు. ప్లైవుడ్డు మార్పించి ఇవ్వమన్నాడు.

ఇంటికి వస్తూ అక్కని అడిగాను. రంగు ఆరలేదురా, అందుకని అసలుదే ఇచ్చానంది. నేను తాకి చూసిన సంగతి చెప్పలేదు. యజమాని పోయిన సంగతి ఆవిడకి ఎప్పటి నుంచి తెలుసో కూడా అడగలేదు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, మీ బావ గొంతు ఇవాళ బాగుంది అంది.

అల్వాల్, చివరి రోజు

సోమవారం బల్లలు ట్రాలీలో కరుణమ్మ గారి స్థలానికి వెళ్ళాయి. ముందు గది నేల బయటపడింది. అక్క దాన్ని రెండుసార్లు కడిగి, మంచం వేయించుకుని, పట్టపగలే పడుకుంది. నిద్రపోలేదు. ఊరికే పైకప్పు చూస్తూ పడుకుంది. ఆ మధ్యాహ్నం టీ నేను పెట్టాను.

స్థలంలో రేకుల షెడ్డు ఎప్పుడు లేస్తుందో గానీ, గంట కట్టందే అది చర్చిలా ఉండదని ముసలివాళ్ళు పట్టుబట్టారు. రెండు గుంజలు పాతి, వాటి మీద అడ్డంగా పెట్టడానికి గట్టి మాను కావాలన్నారు. అందరూ నా వైపు చూశారు. ఇచ్చేశాను. నాన్న ఉంటే ఒక మాట అడిగి ఇచ్చేవాణ్ణి. గంటని చీరలోంచి విప్పి కాడికి వేలాడదీశారు. రంపం గీత రోడ్డు వైపు వచ్చింది.

సాయంత్రం బండికి ముందు బావ నన్ను నర్సరీకి తీసుకెళ్ళాడు. చర్చి ముందు పెట్టడానికి మామిడి మొక్క కావాలన్నాడు. నర్సరీ అతను ఒక అంటు మొక్క తీసి, గ్యారంటీ మాల్ అన్నాడు.

"రెండేండ్లల్ల కాయలు సార్. చూస్తుండున్రి."

బావ ఆ మొక్కని కింద పెట్టేశాడు.

"రెండేళ్ళు అనకు" అన్నాడు. "నిజం చెప్పు."

నర్సరీ అతను నా వైపు చూశాడు, మళ్ళీ ఆయన వైపు చూశాడు. బేరం పోతుందని అర్థమైనట్టుంది.

"నాలుగైదేండ్లు పడతది సార్" అన్నాడు చిన్న గొంతుతో.

బావ రెండు మొక్కలు కొన్నాడు.